కిరీటమా, పొన్నా? – దంతపు తొడుగు చికిత్స: చరిత్ర, హైదరాబాదు నేపథ్యం, తెలుగు పరిభాష

వ్యాససంగ్రహం

పాడైన పన్నును పీకివేయకుండా, దానిపై గట్టి తొడుగును అమర్చి నిలబెట్టే చికిత్సను దంతవైద్యులు 'క్రౌన్' అంటారు. తెలుగు వ్యవహారంలో దీనికి 'క్యాప్' అనే మాట స్థిరపడింది. రాతలో 'దంత కిరీటం' అనే అనువాదం కనిపిస్తుంది. ఈ రెండు మాటలూ తొడుగు ఆకారాన్ని చెబుతాయి గాని, అది చేసే పనిని చెప్పవు. ఈ లోపం కేవలం పరిభాషకు సంబంధించినది కాదు. చికిత్సను పూర్తి చేసుకోవాలా వద్దా అనే రోగి నిర్ణయాన్ని కూడా అది ప్రభావితం చేస్తుంది. ఈ చికిత్స చరిత్రను, హైదరాబాదులో దంతవైద్యం స్థిరపడిన క్రమాన్ని పరిశీలించి, తొడుగు పనిని తెలియజేయగల మాట తెలుగులో ఇప్పటికే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దంతవైద్య చరిత్ర, దంతపు తొడుగు, కృమిదంతం, మధూచ్ఛిష్టం, ఫ్లోరోసిస్, పారిభాషిక పదాలు, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం

విద్యానగర్ నుంచి నల్లకుంట, బర్కత్‌పుర మీదుగా నారాయణగూడకు, అక్కడి నుంచి చిక్కడపల్లి, అశోక్ నగర్‌లకు వెళ్ళే దారిలో రెండు రకాల బోర్డులు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటివి పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలవి. రెండోవి వైద్యశాలలవి. వాటిలో దంతవైద్యశాలల బోర్డులు చదివితే రూట్ కెనాల్, క్యాప్, క్రౌన్, బ్రిడ్జ్ వంటి మాటలు తెలుగు లిపిలోనే కనిపిస్తాయి. 'కట్టుడుపళ్ళు' తప్ప అచ్చతెలుగు మాట వాటిలో అరుదు. లిపి తెలుగైనా, ఆ మాటలు చదువరికి ఏమి తెలియజేస్తున్నాయన్నది వేరే ప్రశ్న.

ఈ పరిశీలనకు ప్రేరణ ఒక స్వానుభవం. కొన్నేళ్ళ క్రితం ఈ వ్యాసకర్తకు కింది దవడలోని ఒక నమిలే పన్నుకు రూట్ కెనాల్ చికిత్స జరిగింది. నొప్పి పూర్తిగా పోయింది. "క్యాప్ వేయించుకోండి, ఆలస్యం చేయకండి" అని వైద్యులు చెప్పారు. క్యాప్ అంటే టోపీ. టోపీ ఎప్పుడైనా పెట్టుకోవచ్చుననే భావన మనసులో ఉండిపోయింది. జీతం వచ్చిన ప్రతి నెలా మరో ఖర్చు ముందుకు వచ్చింది. ఎనిమిది నెలలు గడిచాయి. సంక్రాంతికి ఊళ్ళో సకినం కొరికినప్పుడు ఆ పన్ను నిలువునా చీలింది. చీలిక వేరు దాకా వెళ్ళినందువల్ల దాన్ని పీకించుకోవలసి వచ్చింది. వైద్యుల వైపు లోపమేమీ లేదు. వినవలసినవారు మాటను విన్నారు గాని, దాని అర్థాన్ని వినలేదు. ఇరవై ఏళ్ళుగా తెలుగు చదివి, తెలుగు బోధిస్తున్న వ్యక్తికే ఈ పొరపాటు జరిగినప్పుడు, దాన్ని కేవలం వ్యక్తిగత నిర్లక్ష్యంగా వదిలివేయడం సరికాదనిపించింది.

2. పన్ను, పిప్పి, పుచ్చు: వ్యాధిని చెప్పే తెలుగు మాటలు

'పన్ను' ద్రావిడ భాషల ఉమ్మడి సంపద. తమిళంలో 'పల్', కన్నడంలో 'హల్లు', మలయాళంలో 'పల్లు' దీనికి సోదర రూపాలు. తెలుగులో 'పలువరుస' అనే సమాసంలో ఆ పాత రూపం ఇప్పటికీ నిలిచి ఉన్నది. బహువచనంలో 'పండ్లు', 'పళ్ళు' అనే రూపాలు ఏర్పడి, 'పండు' శబ్దపు బహువచనంతో కలిసిపోయాయి. తెలంగాణలో 'పండ్లు తోముకొనుట', 'పండ్ల డాక్టరు' వంటి ప్రయోగాలు నేటికీ సహజం.

పన్ను పాడవడాన్ని చెప్పే తెలుగు మాటలు మరింత ఆసక్తికరమైనవి. చెరకును గానుగాడిన తరువాత రసం పోయి మిగిలేది పిప్పి. పాడైన పన్నును 'పిప్పి పన్ను' అంటాం. లోపల పురుగు తొలిచిన వంకాయ పుచ్చు వంకాయ. పన్ను విషయంలోనూ 'పుచ్చింది' అనే అంటాం. ఈ రెండు మాటల్లోనూ ఒకే పరిశీలన ఉన్నది: పైన ఆకారం నిలిచే ఉంటుంది, లోపల సారం పోతుంది. నేటి దంతవైద్యం చెప్పే విషయానికి ఇది చాలా దగ్గర. పింగాణీ పొరలో చిన్న రంధ్రంగా మొదలయ్యే క్షయం, లోపలి మెత్తని డెంటిన్‌ను చేరగానే వేగంగా విస్తరిస్తుంది. పై గోడలు నిలబడి ఉండగానే లోపలి భాగం డొల్ల అవుతుంది.

'పన్నుకు పురుగు పట్టింది' అనే మాట వెనుక ప్రపంచంలోని అనేక సంస్కృతుల్లో కనిపించే ప్రాచీన విశ్వాసం ఉన్నది. ఫ్రెంచి వైద్యుడు పియెర్ ఫోషార్ 1728లో ప్రచురించిన గ్రంథంలో దంతపు పురుగు అనే భావనను తోసిపుచ్చాడు. నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, చక్కెరలను పులియబెట్టినప్పుడు పుట్టే ఆమ్లమే పన్నును కరిగిస్తుందని డబ్ల్యు. డి. మిల్లర్ 1890లో వివరించాడు. కంటికి కనిపించే పురుగు లేదన్న మాట నిజమే. అయితే పన్నును తినేది జీవి చర్యే అన్న జనవాక్యం పూర్తిగా అసత్యమూ కాదు.

వ్యాధిని ఇంత సూక్ష్మంగా చూసిన భాషలో, పిప్పి అయిన పన్నుకు చేసే చికిత్సకు మాత్రం 'పీకించుకొనుట' తప్ప మరో మాట చాలాకాలం అవసరం కాలేదు.

3. ప్రాచీన వైద్యగ్రంథాలు: సాధ్యాసాధ్యాల హద్దు

సుశ్రుతసంహిత నిదానస్థానం నోటిలోని ఏడు స్థానాల్లో 65 ముఖరోగాలను పేర్కొన్నది. వాటిలో దంతాలకు చెందినవి ఎనిమిది: దాలనం, కృమిదంతకం, దంతహర్షం, భంజనకం, దంతశర్కర, కపాలిక, శ్యావదంతకం, హనుమోక్షం. కృమిదంతకం నేటి దంతక్షయానికి సన్నిహితం. భంజనకం అంటే పన్ను విరిగిపోవడం.

ఈ పట్టికలో మన చర్చకు ముఖ్యమైన అంశం సాధ్యాసాధ్య విభాగం. దంతరోగాల్లో శ్యావ, దాలన, భంజనకాలను సుశ్రుత సంప్రదాయం అసాధ్యాలుగా లెక్కించింది. పుచ్చిన పన్నుకు స్వేదనం, రక్తమోక్షణం, ఔషధాలు ఉన్నాయి. కదిలే పన్నును తీసి ఆ చోటును కాల్చే విధానమూ ఉన్నది. విరిగే పన్నుకు మాత్రం శాస్త్రం చేతులెత్తేసింది. వైద్యుడు చేయలేనిదాన్ని చేయలేనని ముందుగా చెప్పే నిజాయితీగా దీన్ని గ్రహించాలి. పగిలే వస్తువును బిగించి పట్టే తొడుగు లేనంతకాలం ఈ హద్దు మారే అవకాశం లేదు.

వాగ్భటుని అష్టాంగహృదయంలో మరో అడుగు కనిపిస్తుంది. పుచ్చిన పన్నులోని రంధ్రాన్ని బెల్లంతో గాని, మధూచ్ఛిష్టంతో, అంటే తేనెమైనంతో గాని నింపి, దాన్ని కాల్చాలని అందులో ఉన్నది. రంధ్రాన్ని నింపడం, లోపలి బాధను వేడితో అణచడం అనే రెండు ఆలోచనలూ ఇక్కడ కలిశాయి. నేటి ఫిల్లింగు, రూట్ కెనాల్ చికిత్సలకు ఇది పూర్వరూపమని నిర్ధారించడం అతిశయోక్తి అవుతుంది. పీకడానికి ముందు మరో ప్రయత్నం ఉండాలన్న దృష్టి మాత్రం అందులో స్పష్టం. ఇక్కడ ప్రస్తావించిన తేనెమైనం దంతపు తొడుగు కథలో మళ్ళీ ఎదురవుతుంది.

4. తొడుగు పుట్టుక: పింగాణీ, మైనం, వేగం

పళ్ళకు లోహం వాడిన తొలి ప్రసిద్ధ ఉదాహరణలు ఇటలీలోని ఎట్రుస్కన్లవి. క్రీ.పూ. 7వ శతాబ్ది నాటికే వారు బంగారు పట్టీలతో పళ్ళను పక్కపళ్ళకు కట్టేవారు. తెలుగులోని 'కట్టుడుపళ్ళు' అనే మాటతో ఈ పద్ధతికి చారిత్రక సంబంధం లేకపోయినా, కట్టడమనే భావనలో పోలిక ఉన్నది.

ఆధునిక తొడుగు చరిత్రలో మొదటి మలుపు పింగాణీ. అమెరికాలోని డెట్రాయిట్ నగరానికి చెందిన చార్లెస్ హెన్రీ లాండ్ 1880లలో పన్నుపై పింగాణీ తొడుగును అమర్చే పద్ధతిని రూపొందించాడు. మన పాఠ్యపుస్తకాల తెలుగులో ఎనామిల్‌ను 'పింగాణీ పొర' అంటారు. ఆ రకంగా చూస్తే, సహజమైన పింగాణీని కోల్పోయిన పన్నుకు కృత్రిమ పింగాణీని తొడిగారన్న మాట. అయితే నాటి పింగాణీ అందంగా ఉన్నా, నమిలే ఒత్తిడికి పగిలేది.

రెండో మలుపు మైనం. విలియం టాగర్ట్ 1907లో మైనపు అచ్చు ద్వారా బంగారాన్ని పోతపోసి, పన్నులో సరిగ్గా అమరే పూరణలను చేసే విధానాన్ని న్యూయార్కులో ప్రదర్శించాడు. మైనంతో నమూనా చేసి, దాని చుట్టూ అచ్చు పోసి, వేడితో మైనాన్ని కరిగించి, ఏర్పడిన ఖాళీలోకి లోహాన్ని పంపడం ఈ పద్ధతి. దంతవైద్యానికి ఇది కొత్త కావచ్చు గాని, మన నేలకు కొత్త కాదు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసం, లోహ విగ్రహాల తయారీలో ఈ మధూచ్ఛిష్ట విధానాన్ని వర్ణించింది. ఆ కల్యాణి నేటి బసవకల్యాణ్; 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు ప్రాంతం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆదిలాబాదు డోక్రా కళ నేటికీ ఈ మైనపు పోత మీదనే ఆధారపడి ఉన్నది. వాగ్భటుడు పన్ను రంధ్రంలో పెట్టమన్న తేనెమైనమే, విగ్రహకారుని చేతిలో పోతకు సాధనమైంది. పన్నుకు తొడుగు పోసే పనికి ఆ విద్యను మన వైద్యులు గాని, లోహకారులు గాని వాడలేదు. విద్యలు పక్కపక్కనే ఉన్నంత మాత్రాన కలవవు. వాటిని కలిపే అవసరం, సంస్థ, శిక్షణ ఉండాలి.

మూడో మలుపు వేగం. తొడుగు అమర్చాలంటే పన్నును చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర సమంగా అరగదీయాలి. 1871లో వచ్చిన కాలితో తొక్కే యంత్రంతో అది దీర్ఘమైన బాధ. 1957లో జాన్ బోర్డెన్ ప్రవేశపెట్టిన ఎయిరోటార్, గాలి ఒత్తిడితో నిమిషానికి రెండు లక్షలకు పైగా చుట్లు తిరిగి, ఆ పనిని నిమిషాల్లోకి తెచ్చింది. 1960ల ఆరంభంలో లోహంపై పింగాణీని కాల్చి అతికించే పద్ధతి స్థిరపడి, బలమూ అందమూ ఒకే తొడుగులో సమకూరాయి. 1971 తరువాత ప్రపంచ మార్కెట్టులో బంగారం ధర పెరగడంతో నికెల్, క్రోమియం మిశ్రమాలు దాని స్థానాన్ని ఆక్రమించాయి. ఇటీవలి దశాబ్దాల్లో కంప్యూటరు సాయంతో చెక్కే జిర్కోనియా తొడుగులు విరివిగా వచ్చాయి.

5. హైదరాబాదులో దంతవైద్యం

పన్నును అరగదీయాలన్నా, వేరు శుభ్రం చేయాలన్నా ముందు నొప్పిని జయించాలి. ఆ చరిత్రలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉన్నది. 1846లో ఏర్పడిన హైదరాబాదు వైద్యపాఠశాలకు తరువాతి కాలంలో అధిపతి అయిన ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ సహాయంతో 1888, 1889లలో క్లోరోఫామ్ కమిషన్లను నిర్వహించాడు. క్లోరోఫామ్ నేరుగా గుండెను ఆపదన్న ఆ కమిషన్ల నిర్ణయాన్ని తరువాతి పరిశోధనలు అంగీకరించలేదు. అయినా మత్తువైద్య చరిత్రలో హైదరాబాదు పేరు నిలిచిపోయింది. దంతవైద్యానికి చివరికి ఉపకరించినవి మాత్రం స్థానికంగా మొద్దుబార్చే మందులు: 1884లో కొకైన్, 1905 ప్రాంతంలో ప్రొకైన్, 1940లలో లిడోకైన్.

దేశంలో ఆధునిక దంతవైద్య విద్యకు పునాది కలకత్తాలో పడింది. అమెరికాలో చదివి వచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో అక్కడ దంతవైద్య కళాశాలను స్థాపించాడు. స్వాతంత్ర్యానంతరం 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. గుర్తింపు పొందిన పట్టా ఉన్నవారిని 'ఎ' భాగంలోను, పట్టా లేకున్నా నిర్ణీతకాలంగా వృత్తి చేస్తున్నవారిని 'బి' భాగంలోను నమోదు చేయడానికి ఆ చట్టం అవకాశమిచ్చింది. తొడుగులను, కట్టుడుపళ్ళను తయారుచేసే డెంటల్ మెకానిక్కులకు వేరుగా రిజిస్టరు ఏర్పరచింది. రోగి నోరు చూసేవారు ఒకరు, తొడుగు పోసేవారు మరొకరు అన్న శ్రమవిభజనను చట్టం గుర్తించిందన్న మాట. నేటికీ తొడుగు కొలత వైద్యశాలలోను, తయారీ ల్యాబులోను జరుగుతాయి. రోగి కనీసం రెండుసార్లు రావలసి ఉండడానికి ఇదొక కారణం.

హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా దవాఖాన చెంత ఏర్పడింది. ఎయిరోటార్ వెలువడిన రెండేళ్ళకే నగరంలో దంతవైద్య విద్య మొదలైంది. అంటే పన్నును పీకడం నుంచి నిలబెట్టడానికి ప్రపంచ దంతవైద్యం మళ్ళుతున్న కాలంలోనే ఇక్కడి తొలి తరం దంతవైద్యులు తయారయ్యారు.

మరి మాటల సంగతి? 1906లో హైదరాబాదులోనే పుట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి శాస్త్రవిషయాలను తెలుగులో చెప్పే బాధ్యతను తలకెత్తుకున్నది. విద్యానగర్‌కు పొరుగున ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంగా ఆరంభమై, దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ ద్వారా వైద్య పరిభాషను కూడా ఉర్దూలో నిర్మించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి హిమాయత్‌నగర్ నుంచి పారిభాషిక పదకోశాలను వెలువరించింది. ఈ కృషి ప్రధానంగా తరగతి గదిని ఉద్దేశించినది. వైద్యుని కుర్చీలో నోరు తెరిచి కూర్చున్న మనిషికి మాటలు సమకూర్చే పని ఎవరి బాధ్యతా కాలేదు. ఆ ఖాళీలోకే 'క్యాప్' ప్రవేశించింది.

6. గార కాని గార: ఫ్లోరోసిస్ పళ్ళు

తెలుగునేలపై పాడైన పళ్ళ చరిత్ర దంతక్షయంతో ముగియదు. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా ప్రాంతాల్లో ఫ్లోరైడు నీటివల్ల కలిగే వ్యాధిని శాస్త్రీయంగా నమోదు చేశారు. 1955లో ఎ. హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించాడు. పటిక, సున్నం వాడి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానానికి 1970లలో 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది.

బాల్యంలో పింగాణీ పొర ఏర్పడే దశలో అధిక ఫ్లోరైడు చేరితే, పళ్ళపై సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు వస్తాయి. తీవ్రమైతే పై పొర గుంటలుపడి రాలుతుంది. జనం దీన్ని 'గార పళ్ళు' అనడం కద్దు. గార అంటే తోమకపోవడం వల్ల పేరుకునే పొర. కాబట్టి ఆ మాటలోనే ఒక నింద ఉన్నది. ఎంత తోమినా పోని మచ్చకు శుభ్రత లేదన్న అపవాదును మోసే యువతీయువకులు ఇంటర్వ్యూలో నోరు విప్పి నవ్వలేరు. ఉద్యోగ ప్రయత్నంలో అశోక్ నగర్ గదుల్లో ఉండి చదివేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ తొడుగు పని వేరు. ఇది పన్నును బిగించడానికి కాక, మచ్చను కప్పడానికి. ఈ సందర్భంలో దాన్ని అలంకారమని తేలిక చేయడం న్యాయం కాదు. అదే సమయంలో గట్టిగా ఉన్న పన్నును తొడుగు కోసం చుట్టూ అరగదీస్తే, పోయిన భాగం తిరిగి రాదు. అందుకే స్వల్పమైన మచ్చలకు పైపొరను పలుచగా శుద్ధి చేయడం, ముందుభాగానికి మాత్రమే పలుచని పలకను అతికించడం వంటి పద్ధతులను ముందుగా ఆలోచిస్తారు. పై పొర బాగా రాలిన పళ్ళకే పూర్తి తొడుగు. నోట్లో పెట్టే వస్తువు ఒకే రకానిదైనా దానికి రెండు ప్రయోజనాలు. ఒకే మాటతో రెంటినీ చెప్పినప్పుడు, ఏది అవసరమో ఏది ఐచ్ఛికమో రోగికి తెలియదు.

7. కిరీటమా, పొన్నా?

'కిరీటం' తప్పు అనువాదం కాదు. శరీరశాస్త్రంలో చిగురు పైకి కనిపించే పన్ను భాగాన్ని కిరీటమనే అంటారు. కృత్రిమ తొడుగు ఆ భాగం స్థానంలో నిలుస్తుంది. కాని తెలుగు వాడుకలో కిరీటం గౌరవచిహ్నం. "నీకేమైనా కిరీటం పెట్టారా?" అన్న ఎత్తిపొడుపులో అది అనవసరపు గొప్ప. టోపీ కూడా తీసి పెట్టగల వస్తువే. వాడుకలోని క్రియలను చూసినా 'క్యాప్ వేయించుకొనుట', 'పెట్టించుకొనుట' అన్నవే వినబడతాయి. వేసుకోవడం, పెట్టుకోవడం ఇష్టాన్ని బట్టి ఉండే పనులు.

రూట్ కెనాల్ జరిగిన నమిలే పన్ను స్థితి ఏమిటి? క్షయంవల్ల కొంత, చికిత్సకు తెరచిన దారివల్ల కొంత లోపలి భాగం పోతుంది. మిగిలిన గోడలు పలుచనైనవి. నమిలినప్పుడు పడే ఒత్తిడి ఆ గోడలను విడదీయడానికి ప్రయత్నిస్తుంది. తొడుగు వాటిని చుట్టూ పట్టి విడిపోకుండా ఆపుతుంది. ఎక్కువ భాగం చెక్కుచెదరని ముందుపళ్ళకు ప్రతిసారీ ఇది అవసరం కాకపోవచ్చు. నమిలే పళ్ళకు సాధారణంగా అవసరం. ఈ పట్టు ఏర్పడాలంటే చిగురు పైన చుట్టూ ఇంచుమించు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి ఉండాలి. ఆ పట్టుకు దంతవైద్యశాస్త్రం 'ఫెరుల్' అనే మాటను వాడుతుంది. ఆ ఇంగ్లీషు మాటకు మూలార్థం కర్ర కొన చీలకుండా బిగించే లోహపు కట్టు.

దానికి తెలుగులో 'పొన్ను' అనే మాట ఉన్నది. రోకలి కొన దంపుడుకు చీలిపోకుండా తొడిగే ఇనుప కట్టే పొన్ను. రోకలికి పొన్ను అందం కోసం కాదు. పొన్ను ఊడిన రోకలితో దంచితే కర్ర పగులుతుందని దంచేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. బండి చక్రానికి కమ్మరి ఎర్రగా కాల్చి తొడిగే ఇనుప పట్టా కూడా ఇదే పని చేస్తుంది. పన్ను చేసే పని దంచడం, నూరడం. పిప్పి అయిన పన్ను పాత కర్ర వంటిది. పోలిక ఆకారంలో మాత్రమే కాదు, పనిలోనూ సరిగ్గా కుదురుతుంది.

నగర యువతకు రోకలే తెలియదు, పొన్ను ఎలా తెలుస్తుందన్న ఆక్షేపణ సహేతుకమే. 'క్యాప్' స్థానంలో బోర్డులపై 'పొన్ను' రాయాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన కాదు. పేరుగా 'తొడుగు' చాలు. అది అందరికీ తెలుసు. వివరణగా పొన్ను కావాలి. "మీ పన్నుకు పొన్ను వేయాలి, లేకపోతే రోకలి చీలినట్టు చీలుతుంది" అన్న ఒక్క వాక్యం, ఊరినుంచి వచ్చిన పెద్దవారికి సగం పేజీ కరపత్రం చేయలేని పని చేస్తుంది. యువకులకు రోకలి చూపి ఆ మాట నేర్పడం కూడా తెలుగు బోధనలో భాగమే.

8. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

• వ్యాధిని చెప్పే తెలుగు మాటలు, పిప్పి, పుచ్చు, పన్ను లోపలి డొల్లతనాన్ని స్పష్టంగా గుర్తించాయి. చికిత్సను చెప్పే మాటలు దాని ఆకారం దగ్గరే ఆగిపోయాయి.

• సుశ్రుత సంప్రదాయం అసాధ్యమన్న భంజనకాన్ని ముందుగా నివారించడానికి పింగాణీ, మైనపు పోత, వేగవంతమైన యంత్రం, స్థానిక మత్తుమందులు కలిసిన ఆధునిక తొడుగు మార్గం చూపింది.

• హైదరాబాదులో వైద్యవిద్యా సంస్థలు, పరిభాషా సంస్థలు రెండూ ఉన్నా, రోగికి వైద్యునికి మధ్య జరిగే సంభాషణకు కావలసిన భాష తయారుకాలేదు.

• వైద్య పారిభాషిక పదాన్ని మూలపదానికి అది ఎంత సమానమన్న కొలతతో మాత్రమే తూచడం చాలదు. దాన్ని విన్న రోగి తరువాత ఏమి చేస్తాడన్నది కూడా కొలత కావాలి.

చివరి అంశంపై తెలుగు, వైద్య శాఖలు కలిసి క్షేత్రపరిశోధన చేయడానికి ఎంతో అవకాశం ఉన్నది. అఫ్జల్‌గంజ్ దంతవైద్యశాలకు వచ్చే రోగుల మాటలను సేకరించినా చాలు, ఒక విలువైన పదకోశం సిద్ధమవుతుంది. వేరు దాకా చీలిన పన్నును నేటి వైద్యమూ సాధారణంగా నిలబెట్టలేదు. ఈ వ్యాసకర్త పన్ను ఆ విధంగా సుశ్రుతుని అసాధ్యాల పట్టికలోకే తిరిగి వెళ్ళింది. చికిత్స అందుబాటులో ఉండి కూడా మాట అందకపోవడంవల్ల మరో పన్ను ఆ పట్టికలో చేరకూడదన్నదే ఈ పరిశీలన ఉద్దేశం.